ఇంజిన్‌ని కింద నుంచి నిలబెట్టాలా, పైనుంచి వేలాడదీయాలా?

స్విఫ్ట్, వ్యాగన్ఆర్, ఐ10 లాంటి ముందు చక్రాలతో నడిచే కార్లలో ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసి బానెట్ కింద అడ్డంగా ఉంటాయి. టైమింగ్ బెల్టు లేదా చైను ఉండే వైపు ఒక మౌంటింగ్ (ఇంజిన్‌ని బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మ), గేర్‌బాక్స్ వైపు ఒకటి బరువు మోస్తాయి. వెనక, కింద ఉండే పొట్టి రాడ్డు పని బరువు మోయడం కాదు, ఇంజిన్ ముందుకీ వెనక్కీ ఊగకుండా పట్టుకోవడం. బరువు మోసే రెండిట్లో ఏది విప్పినా ఇంజిన్ ఆ వైపుకి జారుతుంది. అలా జారితే రేడియేటర్ గొట్టాలు, ఏసీ పైపులు, చక్రాలని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లు, కింద ఉన్న మనిషి చెయ్యి, అన్నీ ప్రమాదంలో పడతాయి. కాబట్టి మౌంటింగ్ మార్చినా, పాత శాంత్రోకి టైమింగ్ బెల్ట్ వేసినా, క్లచ్ ప్లేట్ మార్చినా, ఇంజిన్‌ని దేనితో నిలబెట్టాలన్నది ముందే తేల్చుకోవాలి.

చాలామంది ఎంచుకునేది హైడ్రాలిక్ జాకీ (ఆయిల్ ఒత్తిడితో లేచేది), దాని మీద ఒక చెక్క. చవక, చేతిలో ఉన్నదే. అరగంటలో అయిపోయే మౌంటింగ్ పనికి ఇది చాలు, నేనూ అదే చెబుతాను. కానీ జాకీ ఎక్కడ పెడుతున్నామన్నది చూసుకోవాలి. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్ కొన్ని ఇంజిన్లలో పలచటి రేకు, కొన్నిట్లో పోత అల్యూమినియం. రేకైతే సొట్ట పడుతుంది, అల్యూమినియమైతే పగులుతుంది. సొట్టే కదా అని వదిలేయకూడదు. లోపల ఆయిల్ పీల్చే జల్లెడ ఛాంబర్ అడుగుకి చాలా దగ్గరగా ఉంటుంది. అడుగు పైకి నొక్కుకుపోతే ఆయిల్ సరిగా అందదు, బేరింగులు అరిగిపోతాయి. అందుకే కనీసం రెండంగుళాల మందం, ఛాంబర్ అంచు నుంచి అంచు దాకా వచ్చే వెడల్పు ఉన్న గట్టి చెక్క కావాలి. వీలైతే ఛాంబర్‌ని వదిలేసి, గేర్‌బాక్స్ ఇంజిన్‌కి అతుక్కునే చోటి మందపాటి పోత అంచు కింద పెట్టండి. ఇంజిన్ పక్కన బెల్టు తిరిగే క్రాంక్ పుల్లీ కింద ఎప్పుడూ పెట్టొద్దు. కారుతో వచ్చే టైరు జాకీని ఈ పనికి వాడనే వద్దు. దాని తల సన్నం, కాళ్లు ఊగుతాయి.

పైకి లేపడంలోనూ హద్దు ఉంది. మౌంటింగ్ రబ్బరు మీద భారం తీరే వరకే లేపాలి. వదులు చేసిన బోల్టు చేతి వేళ్లతో తిరిగిందంటే సరిపోయినట్టే. అంతకు మించి లేపితే స్టాండ్ల మీదున్న కారే కదలొచ్చు.

జాకీకున్న అసలు బలహీనత కూడా ఇక్కడే ఉంది. కారు స్టాండ్ల మీద, ఇంజిన్ జాకీ మీద ఉంటే అవి రెండు వేర్వేరు ఆధారాలు. జాకీ సీలు పాతదై మెల్లగా దిగినా, గట్టిగా బిగిసిన బోల్టుని లాగేటప్పుడు కారు కాస్త కదిలినా, రెండిటి మధ్య ఎత్తు మారిపోతుంది. ఇంజిన్ సపోర్ట్ బార్‌తో ఆ బాధ లేదు. బానెట్ తెరిచి, రెండు మడ్‌గార్డుల మధ్య అడ్డంగా పెట్టే ఇనుప దూలం ఇది. దాని నుంచి మరలున్న రెండు కొక్కేలు దిగి, ఇంజిన్ పైనుండే లిఫ్టింగ్ రింగుల్ని పట్టుకుంటాయి. ఇంజిన్ కారు బాడీకే వేలాడుతుంది కాబట్టి కారు కదిలితే దానితో పాటే కదులుతుంది.

క్లచ్ పనికి నా ఓటు పూర్తిగా బార్‌కే. గేర్‌బాక్స్ కిందికే దిగాలి, కాబట్టి నేల ఖాళీగా ఉండాలి. తిరిగి ఎక్కించేటప్పుడు గేర్‌బాక్స్ షాఫ్టు క్లచ్ ప్లేటు పళ్లలోకి సూటిగా దూరాలి, అంటే ఇంజిన్ వాలు సరిగ్గా కుదరాలి. బార్ నట్టుని పావు చుట్టు తిప్పితే ఇంజిన్ వెంట్రుకవాసి లేస్తుంది, దిగుతుంది. జాకీ వాల్వు వదిలితే ఒక్కసారిగా కిందికొచ్చేస్తుంది. కుదరని గేర్‌బాక్స్‌ని బోల్టులతో బలవంతంగా లాగితే, లేదా దాని బరువంతా షాఫ్టు మీద వేలాడనిస్తే, కొత్త ప్లేటు వంగిపోతుంది. పెట్టిన డబ్బూ పడ్డ శ్రమా రెండూ పోతాయి.

బార్ కాళ్లని మాత్రం మడ్‌గార్డు బయటి అంచు మీద పెట్టకూడదు, రేకు నలిగిపోతుంది. మడ్‌గార్డు లోపలి బాడీకి బోల్టులతో కలిసే గాడిలో పెట్టాలి. ఆ గాడి సన్నగా ఉన్నా, తుప్పు పట్టినా సస్పెన్షన్ టవర్ల (ముందు షాక్ అబ్జార్బర్ల పై కొస బిగించే గట్టి చోటు) మీద కూర్చునే రకం తీసుకోండి. లిఫ్టింగ్ రింగులు లేకపోతే ఇంజిన్ పై భాగమైన సిలిండర్ హెడ్‌లోని ఖాళీ రంధ్రాల్లోకి 8.8 ముద్ర (బలాన్ని చెప్పే గుర్తు) ఉన్న బోల్టులు లోతుగా బిగించి గొలుసు కట్టుకోవచ్చు. ప్లాస్టిక్ ఇన్‌టేక్‌కి, వాల్వు కవరుకి, నైలాన్ తాడుకి ఈ పనిలో చోటు లేదు. కొనడం దండగ అనిపిస్తే దగ్గర్లోని వెల్డింగ్ షాపులో చేయించుకోండి. చిన్న కారుకైతే 50 మి.మీ. చదరపు ఇనుప గొట్టం, 3 మి.మీ.కి తగ్గని మందం సరిపోతుంది. అమెరికాలో సొంత గ్యారేజీలో పని చేసుకునే మనవాళ్లు విడిభాగాల దుకాణాల్లో ముందు అడిగి చూడాలి. అక్కడ కొన్ని దుకాణాలు డిపాజిట్ తీసుకుని పనిముట్లు వాడుకోవడానికి ఇస్తాయి.

ఇక చైన్ బ్లాక్ (గొలుసు లాగి బరువు ఎత్తే పరికరం), చక్రాల క్రేన్. ఇంజిన్‌ని పూర్తిగా బయటికి తీయాలంటే ఇవే కావాలి. క్లచ్ పనికి క్రేన్ అడ్డమే, కాళ్లు కారు కిందికి దూరి మనం పడుకునే చోటుని ఆక్రమిస్తాయి. చెయ్యి బయటికి సాగేకొద్దీ అది మోయగలిగే బరువు తగ్గుతుంది, ఏ స్థానంలో ఎంతో దాని మీదే రాసి ఉంటుంది. ఆటోనగర్ షెడ్లలో చైన్ బ్లాక్ ఇనుప గర్డరుకి వేలాడుతుంది. ఇంట్లో రేకుల షెడ్డు పైపుకో, పోర్టికో కొక్కేనికో దాన్ని తగిలించడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. ముక్కాలి స్టాండ్ దొరక్కపోతే ఆ పని గ్యారేజీకి వదిలేయండి.

బొలెరో, ఇన్నోవా క్రిస్టా లాంటి వెనక చక్రాలతో నడిచే బళ్లలో లెక్క వేరు. ఇంజిన్ బండి పొడవునా, రెండు మౌంటింగుల మీద కూర్చుంటుంది, మూడోది గేర్‌బాక్స్ కింది అడ్డపట్టీ మీద ఉంటుంది. ఆ పట్టీ విప్పితే ఇంజిన్ వెనక్కి వాలుతుంది. అక్కడ ఛాంబర్ వెనక అంచు కింద చెక్క, దాని కింద స్టాండు పెడితే బార్ అవసరం రాదు. ఎక్కువ వాలనిస్తే ముందున్న ఫ్యాను దాని చుట్టూ ఉండే తొడుగుకి తగులుతుంది, ఆ సందుని చూసుకుంటూ దించండి.