ఆకు నూగును పట్టడానికి ఒక్క ఫొటో చాలునా, ఫోకస్ స్టాకింగ్ కావాలా?

ఆకు ఈనెలను, కాడ మీది నూగును బాగా దగ్గరగా ఫొటో తీసేటప్పుడు స్పష్టంగా కనిపించే లోతు మిల్లీమీటర్లకు మించదు కాబట్టి, ఎపర్చర్‌ను (లెన్స్‌లో కాంతి లోపలికి వచ్చే రంధ్రాన్ని) బాగా కుదించి ఒక్క ఫొటోతో ముగించాలా, ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ తీసిన అనేక ఫొటోలను కంప్యూటర్‌లో కలిపే ఫోకస్ స్టాకింగ్ చేయాలా అన్నది ముందే తేల్చుకోవలసి ఉంటుంది.

మొదటి పద్ధతి సులువైనదే గాని, దాని హద్దు త్వరగానే ఎదురవుతుంది. వస్తువు బొమ్మ కెమెరా సెన్సర్ మీద అసలు పరిమాణంలో పడే 1:1 స్థాయిలో, ఎఫ్/16 అని పెట్టిన ఎపర్చర్ (ఎఫ్ పక్కని అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) ఆచరణలో దాదాపు ఎఫ్/32 లాగా ప్రవర్తిస్తుంది; అంత సన్నని రంధ్రం గుండా వచ్చే కాంతి వివర్తనం చెందడం, అంటే అంచుల దగ్గర వంగి చెదరడం, వల్ల, లోతు పెరిగినప్పటికీ నూగు పోగుల పదును తగ్గిపోతుంది.

స్టాకింగ్‌లో ఎఫ్/5.6 వంటి, లెన్స్ చక్కగా పనిచేసే ఎపర్చర్‌నే వాడవచ్చు గనుక ప్రతి పోగూ విడివిడిగా నిలుస్తుంది. అయితే పిల్లగాలికి ఆకు కదిలినా ఫొటోలు ఒకదానిపై ఒకటి సరిగా కూర్చోవు. పైగా ఒకదానినొకటి దాటే పోగుల చుట్టూ మసక అంచులు ఏర్పడుతుంటాయి, వాటిని చేత్తో సవరించడం నిజంగా విసుగు పుట్టించే పని.

అందుచేత గాలి లేని గదిలో, ట్రైపాడ్ మీద అయితే స్టాకింగే మేలని నా అభిప్రాయం. ఆరుబయట మాత్రం ఎఫ్/8 దగ్గర ఆగి, ఆకు తలాన్ని సెన్సర్‌కు సమాంతరంగా ఉంచితే, బల్లపరుపు ఆకులకు ఒక్క ఫొటోయే సరిపోతుంది. వెలుతురు పక్కనుంచి ఏటవాలుగా పడకపోతే ఈ రెంటిలో ఏ పద్ధతీ గరుకుదనాన్ని చూపలేదు.