స్పేస్ ఇంజనీర్స్ ఏళ్ల తరబడి ఆడాక నా రివ్యూ: గ్రావిటీకి కరెంటు ఖర్చవ్వాల్సిందే

స్పేస్‌షిప్ గేమ్ ఏది వేసినా నేను ముందు చూసేది గన్స్ కాదు, గ్రాఫిక్స్ కాదు, షిప్పులో మనిషి నేల మీద ఎలా నిలబడ్డాడు అని. చాలా గేముల్లో దానికి సమాధానమే ఉండదు. తలుపు తీస్తే కారిడారు, కారిడార్లో మనోడు రోడ్డు మీద నడిచినట్టే నడుస్తాడు, షిప్పు సగం పేలిపోయినా మిగిలిన సగంలో టేబుల్ మీద కాఫీ కప్పు కదలదు. స్పేస్ ఇంజనీర్స్ ఇన్నేళ్లుగా నా సిస్టంలోంచి తీసెయ్యకపోడానికి కారణం అదే. ఇందులో గ్రావిటీ ఊరికే రాదు, దానికో మెషిన్ కట్టాలి, ఆ మెషిన్‌కి కరెంటు ఇవ్వాలి, కరెంటు పోయిందా గ్రావిటీ కూడా పోతుంది.

తెలియనోళ్ల కోసం రెండు ముక్కలు. కీన్ సాఫ్ట్‌వేర్ హౌస్ అని ప్రాగ్ కంపెనీ తీసింది, 2013లో ఎర్లీ యాక్సెస్ (అంటే గేమ్ పూర్తవ్వకముందే అమ్మకానికి పెట్టడం), 2019 ఫిబ్రవరిలో పూర్తి వెర్షన్. ఆస్టరాయిడ్లు తవ్వుకోవడం, షిప్పులు స్టేషన్లు బ్లాకు బ్లాకు పేర్చి కట్టుకోవడం, చేతిలో వెల్డరు, గ్రైండరు. నేనుండేది గాజువాక, పని షిప్ రిపేర్లో ఎలక్ట్రికల్, పగలంతా ఇనుము మధ్యే ఉండి ఇంటికొచ్చాక కూడా వెల్డింగేనా అని మా ఇంట్లో అంటారు గానీ ఆ పని తెలిసినోడికే ఈ గేమ్ ఎక్కువ నచ్చుతుందని నా గట్టి నమ్మకం, ఎందుకంటే ఇక్కడ షిప్పంటే బొమ్మ కాదు, లోపల లైన్ ఎక్కడ్నించి ఎక్కడికి పోతోంది, ఏ లోడ్ ఎంత లాగుతోంది అనేది మనమే ఆలోచించుకోవాలి.

గ్రావిటీ జనరేటర్ సంగతికొస్తా. అదొక బ్లాకు, షిప్పులో ఎక్కడో బిగిస్తాం, దాని చుట్టూ ఒక పెట్టె ఆకారంలో ఫీల్డ్ వస్తుంది, ఒక్కో వైపు 150 మీటర్ల దాకా పెంచుకోవచ్చు, బలం కూడా మన ఇష్టం, 1జీ (భూమి మీదున్నంత లాగుడు) నుంచి సున్నా దాకా, ఇంకా తిప్పితే మైనస్ 1జీ దాకా, అంటే నేల మీదున్నోడు సీలింగ్‌కి పడతాడు. ఫీల్డ్ ఎంత పెద్దదైతే అంత కరెంటు లాగుతుంది. ఇక్కడే అసలు మజా. కొత్తగా ఆడేవాళ్లంతా ఫీల్డుని ఫుల్లుగా పెట్టేసి వదిలేస్తారు, దాంతో అది గోడలు దాటి బయటికొచ్చేస్తుంది, బయట హల్ (షిప్పు బయటి గోడ) పక్కన తేలుతూ వెల్డింగ్ చేస్తున్నోడు ఉన్నట్టుండి పక్కకి జారి పడతాడు. రెండు జనరేటర్ల ఫీల్డులు ఒకదాని మీద ఒకటి పడితే రెండూ కలిసిపోతాయి, దిక్కులు వేరైతే నేల ఏటవాలుగా ఉన్నట్టు అవుతుంది. నేనిప్పుడు డెక్కుకో చిన్న జనరేటర్ పెట్టి, ఫీల్డుని సరిగ్గా గదుల వరకే కోసి పెడతా, ఎయిర్‌లాక్ (బయటికెళ్లే ముందుండే గాలి బిగింపు గది) తలుపు దగ్గర ఆగిపోయేలా. ఆ గడప దాటగానే కాళ్లు తేలిపోతాయి, తిరిగి లోపలికొస్తే బూట్లు టక్కుమని నేలకి తగులుతాయి, ఇన్నేళ్లయినా ఆ క్షణం నాకు పాతబడలేదు.

ఇంకో ముఖ్యమైన విషయం, ఈ ఫీల్డ్ మనుషుల్ని, విడిగా పడున్న సామాన్లని లాగుతుంది గానీ షిప్పుల్ని లాగదు, షిప్పుకి ఆర్టిఫిషియల్ మాస్ బ్లాకు బిగిస్తే తప్ప. దీన్ని పట్టుకుని జనం గ్రావిటీ డ్రైవ్ కనిపెట్టారు, ఒకే షిప్పులో జనరేటరూ మాస్ బ్లాకులూ పెడితే తనని తానే తోసుకుంటూ పోతుంది, ఇంధనం అక్కర్లేదు. న్యూటన్ మూడో సూత్రం ప్రకారం ఇది అసాధ్యం. నేను సర్వైవల్ మోడ్‌లో (సామాన్లన్నీ మనమే సంపాదించుకుని బతకాల్సిన ఆటలో) వాడను, కానీ గ్రావిటీని ఒక పార్టుగా ఇచ్చేసరికి జనం దాన్ని ఎంత దూరం తీసుకెళ్లారో చూస్తే భలే ముచ్చటేస్తుంది.

ఇప్పుడు కరెంటు పోయిన రాత్రి చెప్తా. మా బావది అనకాపల్లి, ఇద్దరం కలిసి ఆడతాం. పైరేట్ డ్రోన్లు వచ్చి మా మైనింగ్ షిప్పు రియాక్టర్ని కొట్టేశాయి. "బావా, లైట్లు పోయాయేటి?" అన్నాడు హెడ్‌సెట్‌లో, అనేలోపే ఇద్దరం నేల మీంచి లేచిపోయాం. పగిలిన కంటైనర్లోంచి ఐరన్ ప్లేట్లన్నీ బయటికొచ్చి గదంతా తేలుతున్నాయి, అంతకుముందు ఐతే అవి కింద పడి కుప్పగా ఉండేవి, ఏరుకుంటే సరిపోయేది, ఇప్పుడు మన మొహానికే వస్తున్నాయి. చీకట్లో హెల్మెట్ లైట్ వేసుకుని, జెట్‌ప్యాక్‌లో హైడ్రోజన్ ఎంతుందో చూసుకుంటూ, గ్రైండర్ పట్టుకుని తలుపు కోసుకుని వెళ్లాం. ఎవడూ స్క్రిప్ట్ రాయలేదు, కట్‌సీన్ లేదు. గ్రావిటీ అనేది మెషిన్ కాబట్టే జరిగింది. గ్రావిటీ ఫ్రీగా ఉండే గేమ్‌లో ఈ రాత్రి రాదు, అలాగే ఎప్పుడూ తేలుతూనే ఉండే గేమ్‌లో కూడా రాదు, ఎందుకంటే పోడానికి ముందు ఉండాలి కదా.

బరువు లేనితనం ఒక్కటే కావాలంటే హార్డ్‌స్పేస్ షిప్‌బ్రేకర్ ఆడండి, 2022లో పూర్తిగా వచ్చింది. పాత షిప్పుల్ని కట్టర్‌తో కోసి ముక్కలు వేరు చెయ్యడం పని. గాలి తియ్యకుండా క్యాబిన్ గోడ కోస్తే లోపలున్నదంతా బయటికి చిమ్ముకొస్తుంది, మనతో సహా. మనం ఒక పెద్ద ముక్కని గ్రాపుల్‌తో లాగితే అది వస్తూ వస్తూ ఆగదు, బరువు లేకపోయినా మాస్ ఉంటుంది అని పుస్తకంలో చదివితే రాని అవగాహన ఆ ముక్క వచ్చి గుద్దితే వస్తుంది. మన షిప్‌యార్డ్ ఉన్న సింధియా వైపు క్రేన్ కింద పనిచేసిన ఎవరికైనా ఆ జడత్వం అంటే భయం, గౌరవం రెండూ ఉంటాయి, ఈ గేమ్ చేసినోళ్లకి అది అర్థమైంది.

డెడ్ స్పేస్ కూడా చెప్పాలి. 2008 గేమ్‌లో గ్రావిటీ లేని గదుల్లో ఒక గోడ నుంచి ఇంకో గోడకి గురి చూసి దూకాలి, బూట్లు అతుక్కుంటాయి. 2011 సీక్వెల్లో స్వేచ్ఛగా ఎగరొచ్చు, 2023 రీమేక్‌లో మొదటి కథని కూడా అలాగే మార్చారు. చాలామందికి రీమేక్ నచ్చింది, నాకు మాత్రం ఆ పాత దూకడమే ఇష్టం, దూకేశాక మధ్యలో మనసు మార్చుకోలేం, ఆ నిస్సహాయత బరువు లేకపోవడం అంటే ఏంటో ఎగరడం కన్నా బాగా చెప్పింది. 2017 ప్రే కూడా బాగుంటుంది, స్టేషన్ లోపల మామూలు గ్రావిటీ, మధ్యలో పోయే సరుకు సొరంగంలో ఉండదు. స్టార్‌ఫీల్డ్‌లో గ్రావిటీ లేనప్పుడు బుల్లెట్ గన్ పేలిస్తే వెనక్కి తోస్తుంది, అలాంటివి ఇంకా ఎక్కువ పెట్టాల్సింది.

ఎలీట్ డేంజరస్ దారి వేరు. అందులో షిప్పుల్లో గ్రావిటీ మెషిన్ లేదు, సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చోవడమే, స్టేషన్లు మాత్రం తిరుగుతుంటాయి, ఆ తిరగడం వల్లే లోపల గోడ నేల అవుతుంది. నిజం సైన్సు ఇదే. మనం చిన్న సందులోంచి స్టేషన్‌తో పాటు తిరుగుతూ లోపలికి దూరాలి, రొటేషనల్ కరెక్షన్ అని ఒక సెట్టింగ్ మనకి సాయం చేస్తుంది, అది ఆపేసి ల్యాండ్ అవ్వడం నేర్చుకోండి, అప్పుడే తిరిగే స్టేషన్ అంటే ఒంటికి పడుతుంది. ఎంత పెద్దది కావాలో లెక్క కూడా సులువే, నిమిషానికి 2 చుట్లు తిరిగి 1జీ రావాలంటే వ్యాసార్థం 224 మీటర్లు ఉండాలి. మన ఆర్కే బీచ్‌లో ఉన్న కురుసుర సబ్‌మెరైన్ 91 మీటర్లు, అలాంటివి దాదాపు అయిదు వరుసగా పెడితే ఆ చక్రం వెడల్పు. ఇంకా చిన్నది కట్టి స్పీడుగా తిప్పితే తల తిప్పినప్పుడల్లా కళ్లు తిరుగుతాయి, పైగా తలకీ కాళ్లకీ లాగుడు తేడా వచ్చేస్తుంది. అందుకే చిన్న షిప్పులో రింగ్ పెట్టి హాయిగా నడిపించే గేములు నాకు ఎక్కవు.

కురుసుర మాట వచ్చింది కాబట్టి, షిప్పు కట్టే ముందు ఒకసారి లోపలికెళ్లి చూడండి. గుండ్రటి హ్యాచ్‌లోంచి వంగి దూరాలి, రెండు చేతులూ చాపితే రెండు వైపులా ఏదో ఒకటి తగులుతుంది. తేలుతూ బతకడానికి అలాంటి ఇరుకే కావాలి, పట్టుకోడానికి గోడ అందాలి. స్పేస్ ఇంజనీర్స్‌లో నాకున్న పెద్ద అసంతృప్తి ఇదే, పెద్ద షిప్పులు, స్టేషన్లు కట్టే పెద్ద గ్రిడ్‌లో ఒక్కో బ్లాకు 2.5 మీటర్లు, కారిడార్ అంతకన్నా సన్నగా రావాలంటే చాలా తంటాలు పడాలి, పైగా చేత్తో కడ్డీ పట్టుకుని తోసుకుంటూ పోవడం అనేది లేదు, జెట్‌ప్యాక్ లేదా మ్యాగ్నెట్ బూట్లు, అంతే. అసలు ఐఎస్ఎస్‌లో (భూమి చుట్టూ తిరిగే అంతర్జాతీయ స్పేస్ స్టేషన్‌లో) అందరూ చేసేది చేతులతో తోసుకోవడమే. ఇంకోటి, షిప్పు ఇంజిన్ వేసినంతసేపు వెనక గోడ నేల అవ్వాలి, ఆ లెక్క ఇక్కడ లేదు, అది పెట్టుంటే షిప్పుల్ని బిల్డింగుల్లా నిలువుగా కట్టుకునేవాళ్లం.

మా మేనల్లుడు ఆరో క్లాసు. 2025లో మన వ్యోమగామి శుభాంశు శుక్లా గారు ఐఎస్ఎస్‌లో 18 రోజులు ఉన్నప్పటి వీడియోలు చూసి నా పక్కన కూర్చుని ఆడతా అన్నాడు. జనరేటర్ ఆపేసి ఇచ్చా. "మావయ్యా, ఇక్కడ పైనంటే ఎటు?" అన్నాడు. "నువ్వు కాళ్లు ఎటు పెడితే అదే కింద్రా" అన్నా. కాసేపటికి వాడే సీలింగ్ మీద నిలబడి అక్కడ లైటు బిగించాడు. ఐఎస్ఎస్‌లో గ్రావిటీ ఉండదు కదా అనుకునేవాడికి 400 కిలోమీటర్ల ఎత్తులో కూడా భూమి లాగుడు 90 శాతం దాకా ఉంటుందనీ, స్టేషనూ మనుషులూ కలిసి పడుతూనే ఉంటారు కాబట్టి తేలినట్టుంటుందనీ చెప్తే రెండ్రోజులు అదే ఆలోచించాడు. అలా తేలుతూ ఉంటే ఎముకలు నెలకి 1 నుంచి 1.5 శాతం అరుగుతాయి, రోజుకి రెండు గంటల దాకా వ్యాయామం చెయ్యాలి అని కూడా చెప్పా. ఈ గేములు ఏవీ ఆ నష్టాన్ని సరిగ్గా చూపించవు. ఎక్కువకాలం తేలితే క్యారెక్టర్ బలహీనపడేలా పెడితే గ్రావిటీ జనరేటర్ విలువ ఇంకా పెరుగుతుంది, ఇది ఎవరైనా చెయ్యాలని నా కోరిక.

సిస్టం సంగతి. పెద్ద స్టేషన్ కట్టాక మామూలు కంప్యూటర్ మీద నెమ్మదిస్తుంది, మే నెలలో మన వైజాగ్ ఉక్కపోతకి ఫ్యాన్ మోత వేరే. యూపీఎస్ లేకుండా మాత్రం మొదలెట్టకండి. తల తిరిగేవాళ్లు డ్యాంపర్లు (మన కదలికని వాటంతటవే ఆపేసేవి) ఆన్‌లోనే ఉంచండి, జెడ్ నొక్కితే ఆగిపోతాయి, ఆపితే తోసిన దిక్కుకి పోతూనే ఉంటారు, అలవాటయ్యాక ఆపి ఆడండి.

స్పేస్ ఇంజనీర్స్ 2 కూడా 2025 జనవరిలో ఎర్లీ యాక్సెస్‌కి వచ్చింది, నేను ఇంకా మొదటిదాంట్లోనే ఉన్నా. కొత్తగా కొనేవాళ్లు మొదటిదే సేల్‌లో తీసుకుని, ముందు క్రియేటివ్ మోడ్‌లో (సామాన్ల లెక్క లేకుండా కట్టుకునే ఆటలో) ఒక గది, ఒక రియాక్టర్, ఒక జనరేటర్ కట్టి ఫీల్డ్ స్లైడర్లు తిప్పి చూడండి, సర్వైవల్‌కి తర్వాత వెళ్లండి, వెళ్లినప్పుడు జనరేటర్‌కి వేరే బ్యాటరీ పెట్టండి, రియాక్టర్ పోయినా కొంతసేపు నేల మిగులుతుంది.