‘లేట్ టైగర్’ కిట్ కొంటున్నారా? ముందు స్ప్రూ (విడిభాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేము) ఫొటోలు అడగండి

రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ ట్యాంకు టైగర్-1 ప్లాస్టిక్ మోడల్‌ను 1/35 స్కేల్‌లో (అసలు దాంట్లో 35వ వంతు సైజులో) కడదామని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఆన్‌లైన్‌లో ఒకరు ‘కొత్త మోల్డ్ (అచ్చు), లేట్ వెర్షన్, అప్‌గ్రేడ్ సెట్ కలిపి’ అని పెడితే ఇంకేం ఆలోచించకుండా కొనేశాను. పెట్టె మీద బొమ్మ మాత్రం అదిరింది: 1944 నాటి టైగర్, ఒళ్లంతా జిమ్మరిట్ అనే గీతల గరుకు పూత, స్టీల్ చక్రాలు. లోపల ఉన్నది ఆ ట్యాంకు కాదు.

మొదటి తప్పు నాదే. పెట్టె రాగానే విప్పలేదు. మన అందరికీ ఉన్న జబ్బే కదా, కొన్న కిట్లను బీరువా మీద పేర్చుకుని తీరిక దొరికినప్పుడు చూద్దాంలే అనుకోవడం! రెండు నెలల తర్వాత సీలు చింపేసరికి వాపసు గడువు దాటిపోయింది.

హల్ (ట్యాంకు మొండెం) అడుగుభాగం తిరగేసి చూడగానే విషయం అర్థమైంది. స్విచ్‌కి ఒక కంత, గేర్‌బాక్స్ స్క్రూలకు ఇంకో నాలుగు. మోటారు పెట్టి నడిపించే రోజుల నాటి మోల్డ్ అది. అసలు 1/35 అనే వింత కొలత పుట్టిందే అలా. 1960ల మొదట్లో జపాన్ మోడల్ కంపెనీ టామియా తన ప్యాంథర్ ట్యాంకు మోడల్‌ను మోటారు, బ్యాటరీలు లోపల పట్టేలా చేస్తే తేలిన సైజు అది. పాత మోల్డ్ కావడం నేరమేం కాదు, నేనూ ఇష్టంగా కట్టినవి ఉన్నాయి. దాన్ని ‘కొత్తది’ అని అమ్మడమే మోసం.

తర్వాత చక్రాలు. టైగర్‌కు 1944 ఫిబ్రవరి ప్రాంతం నుంచి స్టీల్ రిమ్ చక్రాలు వచ్చాయి, ఒక్కో ఇరుసుకు రెండు చొప్పున. అంతకుముందు రబ్బరు టైర్లవి, ఇరుసుకు మూడు. నాకు వచ్చినవి రబ్బరు టైర్లవే. టరెట్ (ఫిరంగి ఉండే తిరిగే గది) మీది కమాండర్ క్యూపోలా (ఆయన బయటికి చూసే చిన్న గుమ్మటం) కూడా పాత డ్రమ్ము ఆకారంది. 1943 జూలై నుంచి దాని స్థానంలో పెరిస్కోపులున్న పోత క్యూపోలా వచ్చింది. అంటే పెట్టె, డెకాల్స్ (మోడల్ మీద అతికించే గుర్తులు) 1944 టైగర్‌వి, ప్లాస్టిక్ భాగాలు 1943 మొదట్లోని టైగర్‌వి.

అన్నిటికన్నా మండింది ట్రాకుల దగ్గర. మెత్తటి వినైల్ ట్రాకులు, చక్రాల స్ప్రూ ఒకే కవర్లో కుక్కేశారు. వినైల్‌లో దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపే ప్లాస్టిసైజర్ నూనెలా బయటికి ఊరి, ఆనుకున్న పాలీస్టైరీన్‌ను (కిట్ భాగాల ప్లాస్టిక్‌ను) కరిగిస్తుంది. నా చక్రాల్లో ఆరింటి అంచులు ట్రాకు ముద్ర పడి జిగురుజిగురుగా ఉన్నాయి. ఇది ఒక వారంలో జరిగే పని కాదు, ఏళ్ల తరబడి ఎక్కడో పడి ఉన్న సరుకు అన్నమాట. మీ దగ్గర ఇలాంటి పాత కిట్లు ఉంటే ఈరోజే ట్రాకులు తీసి వేరే కవర్లో పెట్టండి. కట్టేసిన మోడల్ అయినా సరే, చక్రాలకు రంగు పొర మందంగా లేకపోతే అదే గతి పట్టొచ్చు.

ఇక ఆ ‘అప్‌గ్రేడ్ సెట్’. రెజిన్ జిమ్మరిట్ పలకలు ఎవరివో అసలు సెట్టును చూసి పోసిన నకిలీలు. నిండా గాలి బుడగలు, గీతలు అరిగిపోయాయి. పక్క పలక దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు పొట్టి. అచ్చు నుంచి మళ్లీ అచ్చు తీస్తే కాస్త కుంచించుకుపోవడం మామూలే. ఇంజిన్ మీది ఫొటో ఎచ్ (పల్చటి లోహపు రేకు) జాలీలు బాగానే ఉన్నాయి గానీ వేరే కంపెనీ కిట్ కోసం చేసినవి. అల్యూమినియం ఫిరంగి గొట్టం ఒక్కటే నిజాయితీగా ఉంది. అసలు ఫిరంగి 88 మి.మీ.ను 35తో భాగిస్తే 2.5, గొట్టం రంధ్రం సరిగ్గా అంతే. (సరిపోతుందేమోనని ఆ రెజిన్‌ను అరగదీస్తూ కూర్చున్నాను, అదీ మాస్కు లేకుండా. మీరు అలా చేయకండి. తడిపి అరగదీయండి, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.)

అమ్మినాయనకు ఫొటోలు పంపితే ‘సీల్డ్ పెట్టె సార్, లోపల ఏముందో మాకేం తెలుసు’ అన్నాడు. ష్రింక్ కవర్ ఎవరైనా మళ్లీ వేయగలరు, దాన్ని నమ్మడం దండగ.

ఇప్పుడు నేనైతే కిట్ పేరు, నంబరు స్కేల్‌మేట్స్‌లో (మోడల్ కిట్ల వివరాలుండే వెబ్‌సైట్) వెతికి, ఆ మోల్డ్ ఏ సంవత్సరంది, ఎన్ని పెట్టెలు మారిందో చూశాకే ముందుకెళ్తున్నాను. అమ్మేవాళ్లను స్ప్రూల ఫొటోలు, ముఖ్యంగా హల్ అడుగు ఫొటో అడుగుతున్నాను. పెట్టె బొమ్మ, ఎవరో కట్టి రంగులేసిన మోడల్ తప్ప ఇంకేమీ చూపించకపోతే అక్కడితో మాట ఆపేయడమే. కిట్ చేతికి రాగానే మాన్యువల్‌లోని స్ప్రూ పటం పక్కన పెట్టుకుని ఒక్కో ఫ్రేమూ సరిచూడండి, హల్ మీద స్కేలు పెట్టండి. టైగర్ హల్ పొడవు దాదాపు 6.3 మీటర్లు కాబట్టి 1/35లో 18 సెంటీమీటర్లు రావాలి. ఇదంతా వాపసు గడువు లోపే చేయండి.

కిట్‌ను పారేయలేదు. రబ్బరు చక్రాలు, డ్రమ్ము క్యూపోలా, వెనక ఫైఫెల్ ఎయిర్ క్లీనర్లు (ఇంజిన్ గాలిని వడకట్టేవి) ఉన్నాయి కాబట్టి 1943 ట్యునీషియా టైగర్‌గా కడుతున్నాను. ఇంగ్లండ్‌లోని బోవింగ్టన్ ట్యాంకు మ్యూజియంలో ఉన్న టైగర్ 131 ట్యునీషియాలో పట్టుబడిందే, ఫొటోలకు కొదవలేదు. అడుగు కంతలు ప్లాస్టిక్ షీటుతో పూడ్చాను. ఆ ఆరు చక్రాలకు, డెకాల్స్‌కు మాత్రం వెతుకుతున్నాను. ఎవరి దగ్గరైనా విడిగా ఉంటే చెప్పండి, ఫొటో చూశాకే తీసుకుంటాను.