తెప్పకి ఏది మేలు: లాంగ్‌టెయిల్ డీజిలా, ఓబీఎమ్మా?

జూన్ 14 దగ్గరపడిందంటే చాలు, మన రేవుల్లో అందరి నోటా ఇదే మాట. పాత ఇంజన్ బాగుచేయించాలా, కొత్తది కొనాలా? కొంటే ఏది: పొడవాటి షాఫ్టు చివర నీళ్లు తోసే ఫ్యాను ఉండే లాంగ్‌టెయిల్ డీజిలా, వెనక పలకకి క్లాంపులతో తగిలించే పెట్రోలు ఓబీఎమ్మా (అవుట్‌బోర్డు మోటారు)? ఏప్రిల్ 15 నుంచి ఆ 61 రోజులూ వేట నిషేధం కాబట్టి ఇంజన్ మార్చడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. నలుగురైదుగురు ఎక్కే ఫైబర్ తెప్ప, 9-10 హెచ్‌పీ ఇంజన్, తెల్లవారుజామున వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొచ్చే వేట. ఈ లెక్కలోనే చెబుతున్నా.

రెంటినీ పోల్చేవాళ్లు ముందు వేగం చూస్తారు, ఆ తరవాత నూనె (డీజిల్, పెట్రోలు) ఖర్చు చూస్తారు. నా మటుకు ముందు చూడాల్సింది ఒడ్డు. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది. విజయనగరం జిల్లాకి భోగాపురం, పూసపాటిరేగ మండలాల్లో కలిపి ముప్ఫై కిలోమీటర్ల లోపే ఉంది. ఇంత పొడుగునా మన తెప్పలు ఎక్కువగా ఇసుక మీద నుంచే దిగుతాయి, ఇసుక మీదకే ఎక్కుతాయి. నడిసంద్రంలో ఏ ఇంజనైనా తోస్తుంది. తెప్ప తిరగబడేది, వలలు పోయేది, మనిషికి దెబ్బ తగిలేది ఒడ్డు దగ్గరి చివరి వంద మీటర్లలో. అక్కడ ఫ్యాను ఎంత లోతులో తిరగగలదు, ఎంత త్వరగా పైకి లేస్తుంది అన్నదే తేల్చేస్తుంది.

దీన్ని కొలుచుకోవచ్చు. అమావాస్యకో పౌర్ణమికో నీళ్లు బాగా వెనక్కి తీసిన వేళ, తెప్ప దింపే చోటే తెడ్డు పట్టుకుని లోపలికి నడవండి. పది అంగల్లోనే నడుము లోతు వస్తే మీది ఏటవాలు ఒడ్డు. ముప్ఫై నలభై అంగలు వేసినా మోకాలు దాటకపోతే చదును ఒడ్డు. నడుము లోతు వచ్చి, మళ్లీ మోకాలి లోతుకి తేలితే మధ్యలో ఇసుక దిబ్బ ఉన్నట్టు. కళింగపట్నం దగ్గర వంశధార, కళ్లేపల్లి దగ్గర నాగావళి, కోనాడ దగ్గర చంపావతి కలిసే చోట్ల ఈ దిబ్బలు ఒక్క వరదకే జాగా మారుస్తాయి. అందుకని ఒక్కసారి కొలిచి ఊరుకుంటే చాలదు. వర్షాలకి ముందోసారి, తరవాతోసారి చూసుకోవాలి.

ఇప్పుడు ఓబీఎం సంగతి. పొడుగు షాఫ్టు రకం 20 అంగుళాలు ఉంటుంది. తెప్ప అడుగు కన్నా దాని ఫ్యాను, కింది రెక్క కలిపి ఒక అడుగు పైనే కిందికి దిగి ఉంటాయి. సరుకుతో ఉన్న తెప్పకి మూడడుగుల నీళ్లు లేకపోతే ఇసుకకి తగులుతుంది. అంటే మూడడుగుల లోతు దగ్గరే న్యూట్రల్ చేసి, ఆపి, ఎత్తేయాలి. అక్కణ్నుంచి ఇసుక దాకా తెప్పకి ఇంజన్ లేదు. ఏటవాలు ఒడ్డున ఈ దూరం ఐదారు మీటర్లే కాబట్టి ఒక్క కెరటం మీద ఎక్కేస్తుంది. చదును ఒడ్డున ముప్ఫై నలభై మీటర్లు ఉంటుంది. వెనకనుంచి కెరటం కొట్టినప్పుడు ముక్కు తిన్నగా ఉంచడానికి తెడ్డు తప్ప ఏమీ మిగలదు. తెప్ప అడ్డం తిరిగిందా, రెండో కెరటం లోపలికి పోసేస్తుంది.

లాంగ్‌టెయిల్‌కి ఆ ఇంజన్ లేని దూరం దాదాపు ఉండదు. పిడి కిందికి నొక్కితే ఫ్యాను పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. మోకాలి లోతులో కూడా ఫ్యాను నీటి పైపొరలోనే తిరుగుతూ తెప్పని తోస్తుంది. కెరటం మీద వెనక భాగం లేచినప్పుడు ఓబీఎం ఫ్యాను గాలిలో ఊరికే అరుస్తుంది. అదే లాంగ్‌టెయిల్ పిడిని కాస్త పైకెత్తితే చాలు, ఫ్యాను లోతుకి దిగి పట్టు చిక్కుతుంది. నా మొగ్గు ఎటో ఇక్కడే తెలుస్తోంది, దాచను.

అలాగని ఓబీఎంని తీసిపారేయలేం. బయటికి వెళ్లేటప్పుడు అదే మెరుగు. కెరటాలు గుంపుగా వచ్చి కాసేపు ఆగుతాయి కదా, ఆ ఖాళీ కోసం న్యూట్రల్‌లో నిలబడి, దొరకగానే ఒక్క ఊపున దాటేయొచ్చు. రివర్స్ కూడా ఉంది. క్లచ్ లేని లాంగ్‌టెయిల్‌లో ఇంజన్ అందుకున్న క్షణమే ఫ్యాను తిరుగుతుంది. స్టార్ట్ చేయడానికి హ్యాండిల్ తిప్పేటప్పుడు ఫ్యానుని నీళ్ల పైనే ఉంచాలి, దరిదాపుల్లో మనిషి ఉండకూడదు. ఒడ్డెక్కేటప్పుడు వెనక పట్టుకోడానికి వచ్చేవాళ్ల పొట్ట ఎత్తులో ఆ ఫ్యాను ఉంటుంది. ఇంజన్ పూర్తిగా ఆగాకే చెయ్యి వేయాలి, ఎవరు తొందరపెట్టినా సరే. దాన్ని ఆపే లివర్ ఉప్పు పట్టి బిగుసుకుంటుంది కాబట్టి వారానికోసారి నూనె వేసి కదిపి చూడండి. ఓబీఎం నడిపే మనిషి కిల్ స్విచ్ తాడు మణికట్టుకి కట్టుకోవాలి. పిడికి చుట్టి వదిలేస్తే మనిషి నీళ్లలో పడ్డా ఇంజన్ ఆగదు.

ఓబీఎంతో జరిగే పెద్ద పొరపాటు ఇంకోటి ఉంది. అదాటున పైకి లేవకుండా కొందరు దాన్ని తాడుతో కిందికి బిగించేస్తారు. ముందుకి వెళ్లేటప్పుడు టిల్ట్ లాకు వదిలే ఉండాలి, అప్పుడే ఇసుక తగిలితే దానంతటది ఎగిరి తప్పించుకుంటుంది. తాడు కట్టేస్తే ఆ దెబ్బంతా వెనక పలక మీద పడుతుంది. ఫైబరు పగులుతుంది, లేదా లోపల షాఫ్టు విరుగుతుంది.

నూనె లెక్కలో డీజిల్‌కి తిరుగులేదు. మామూలు నడకలో 10 హెచ్‌పీ డీజిల్ గంటకి సుమారు లీటరున్నర తాగుతుంది. టూ స్ట్రోక్ 9.9 హెచ్‌పీ ఓబీఎం ముక్కాలు యాక్సిలేటర్‌లో మూడు మూడున్నర లీటర్లు తాగుతుంది. అది త్వరగా వెళ్తుంది కాబట్టి గంటలు తగ్గుతాయి, అయినా ట్రిప్పుకి ఓబీఎం ఖర్చే ఎక్కువ. పైగా లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిలు కలపాలి, కొత్త ఇంజన్‌కి మొదట్లో 40. వేట బోట్లకి ప్రభుత్వం ఇచ్చే రాయితీ, 2019లో లీటరుకి 9 రూపాయలు చేసింది, డీజిల్‌కే. ఫోర్ స్ట్రోక్ ఓబీఎం తక్కువ తాగుతుంది గానీ బరువు, ధర రెండూ పెరుగుతాయి.

పాడయ్యే తీరు వేరు వేరు. డీజిల్ మధ్యలో ఆగిందంటే చాలాసార్లు గాలి పట్టిందనో, నీళ్లు కలిశాయనో అర్థం. ముందు ఫిల్టరు కింద చేరిన నీళ్లు వదలండి. పంపు దగ్గర గాలి స్క్రూ ఒకటి రెండు చుట్లు వదులు చేస్తే డీజిల్ బుడగలతో, నురగలా వస్తుంది. బుడగలు పోయి తిన్నని ధార వచ్చేదాకా ఆగి బిగించండి. తరవాత ఇంజెక్టర్ పైపు నట్టు కాస్త వదిలి, హ్యాండిల్ తిప్పి, అక్కడా డీజిల్ చిమ్మాక బిగిస్తే సరి. రెండు స్పానర్లుంటే సముద్రం మీదే అయిపోతుంది. షాఫ్టు చివరి బుష్‌కి రోజూ గ్రీజు కొట్టాలి. ఇసుక చేరితే బుష్ అరుగుతుంది, షాఫ్టు కొట్టుకుంటుంది, ఆ అదురుకి బిగింపు బోల్టులు వదులై ఫైబరులోకి నీళ్లు దిగుతాయి. గాలితో చల్లారే ఇంజన్ కాబట్టి సిలిండర్ చుట్టూ ఉండే రెక్కల మధ్య ఉప్పు, నూనె మడ్డి చేరకుండా చూడాలి.

ఓబీఎంకి దాన్ని చల్లబరిచే నీళ్లే ప్రాణం. ఇంజన్ తిరుగుతున్నప్పుడు పక్క రంధ్రంలోంచి సన్నటి నీటి ధార రావాలి. ధార తగ్గిందంటే పంపులోని రబ్బరు ఇంపెల్లర్‌ని ఇసుక తినేసిందని. వెంటనే ఆపకపోతే పిస్టన్ పట్టేస్తుంది. చదును ఒడ్డున బురదనీళ్లలో తిప్పేవాళ్లు ఏడాదికోసారి ఇంపెల్లర్ మార్చక తప్పదు. వేట నుంచి రాగానే మంచినీళ్ల బకెట్‌లో పది నిమిషాలు తిప్పాలి. రెండు వారాలకోసారి గేరుపెట్టె అడుగు స్క్రూ తీసి రెండు చుక్కలు వేలి మీద చూడండి. నూనె తేనె రంగులో ఉంటే మంచిదే. పాలు పోసిన టీలా తెల్లబడితే సీలు పోయి నీళ్లు దిగినట్టు. చాలాసార్లు కారణం ఫ్యాను వెనక చుట్టుకున్న వలదారమే. ఫ్యాను విప్పి దారం కోసి తీయాలి, సీలు మార్చాలి. ఇలాంటి పని ఊళ్లో చేసేవాళ్లు తక్కువ. డీజిల్ అయితే పొలం పంపులు బాగుచేసే మెకానిక్‌కైనా చెయ్యి తిరుగుతుంది.

బరువు దగ్గర మాత్రం ఓబీఎందే గెలుపు. తుఫాను హెచ్చరిక వస్తే రెండు క్లాంపులు వదిలి, నలభై కిలోలలోపు ఇంజన్‌ని భుజాన వేసుకుని ఇంటికి పోవచ్చు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటిన తెల్లవారుజాములాంటివి మన జిల్లాకి కొత్త కాదు. లాంగ్‌టెయిల్‌ని బోల్టులు విప్పి, వెదురుకి కట్టి, ఇద్దరు ముగ్గురు మోయాలి. అందుకే ఆ బోల్టులకి ముందే గ్రీజు పూసి ఉంచండి, ఆ రోజు తుప్పుతో కుస్తీ పట్టే టైము ఉండదు.

తెప్ప లోపల ఇంజన్, అడుగున ఫ్యాను బిగించిన ఇన్‌బోర్డు రకం ఇసుక ఒడ్డుకి పనికిరాదు, భావనపాడు లాంటి చోట నీళ్లలోనే కట్టేసుకునేవాళ్లకి తప్ప. బ్యాటరీ ఇంజన్లు మన దూరాలకి ఇంకా చాలవు. తెడ్లు, తెరచాప ఏ ఇంజన్ పెట్టినా తెప్పలో ఉండాల్సిందే.

కొలతలో ఏటవాలు ఒడ్డు తేలి, దగ్గరి వేటకి వెళ్లేవాళ్లయితే ఓబీఎం తీసుకోండి. చదునో, దిబ్బో ఉంటే లాంగ్‌టెయిలే, ఇంకో ఆలోచన వద్దు. బిగించేటప్పుడు వెనక పలకకి లోపలివైపు మందపాటి టేకు చెక్క వేసి, స్టెయిన్‌లెస్ బోల్టులు ఆరపార దించి, రంధ్రాల్లో రెసిన్ నింపాకే నట్లు బిగించండి. మొదటి వారం రోజూ వేట నుంచి రాగానే ఆ నట్లు మళ్లీ బిగించి చూడాలి.