హార్లెమ్ ఆర్గానా, హాంబర్గ్ ఆర్గానా?

బరోక్ ఆర్గాన్ (17-18 శతాబ్దాల యూరప్ చర్చిల్లో గొట్టాల్లోకి గాలి పంపి పలికించే భారీ వాద్యం) కచేరీ ఒక్కటే వినే టైముంటే నెదర్లాండ్స్‌లోని హార్లెమ్ సెయింట్ బావో చర్చికి వెళ్లాలా, జర్మనీలోని హాంబర్గ్ సెయింట్ యాకోబీకి వెళ్లాలా?

కంటికైతే హార్లెమే, వాదనే లేదు. క్రిస్టియన్ ముల్లర్ 1738లో పూర్తిచేసిన ఆ ఆర్గాన్ ఎరుపు, బంగారు రంగుల్లో పడమటి గోడంతా ఆక్రమించి ఉంటుంది. పదేళ్ల మొజార్ట్ 1766లో దీన్ని వాయించాడు. 32 అడుగుల గొట్టం పలికితే స్వరం చెవికంటే ముందు కూర్చున్న కుర్చీకి తెలుస్తుంది. కాకపోతే 1959-61లో చేసిన మరమ్మతుల్లో దీని గొంతు కొంత మారింది.

హాంబర్గ్‌ది ఆర్ప్ ష్నిట్గర్ 1693లో ముగించిన పని. నాలుగు కీబోర్డులు, 60 స్టాపులు (ఒక్కో రకం గొట్టాల్ని పలికించే మీటలు). 1720లో స్వరకర్త బాఖ్ ఇక్కడి ఆర్గాన్ వాయించే ఉద్యోగానికి ప్రయత్నించాడు కూడా. మొదటి ప్రపంచయుద్ధంలో ముందు వరస తగరపు గొట్టాలు కరిగించేశారు, రెండోదాంట్లో మిగతావి ముందే విప్పి దాచారు కాబట్టి బతికాయి, చెక్క పెట్టె మాత్రం కాలిపోయింది. 1993కి యుర్గెన్ ఆరెండ్ మళ్లీ నిలబెట్టాడు. అసలు సంగతి శ్రుతిలో ఉంది: మన హార్మోనియంలోలా ఏ స్కేలైనా ఒకేలా పలకదు, కొన్ని తేనెలా ఉంటాయి, దూరపు స్కేళ్లకి వెళ్తే కాస్త పులుపు తగులుతుంది. ఆ కాలపు స్వరకర్త బుక్స్టెహుడే రచనల్లో ఆ పులుపే రుచి.

మొదటిసారి వినేవాళ్లని హార్లెమ్‌కే పంపిస్తాను. నాకు మాత్రం టికెట్ కొనిస్తానంటే హాంబర్గ్‌కే కొనండి.