ఎడిన్‌బరాలో ఆగస్టు: క్లాసురూముల్లో నాటకాలు

మా అమ్మాయి స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేస్తోంది. డిసర్టేషన్ (పరిశోధన వ్యాసం) ఇచ్చే టైమని, నేనూ మా ఆవిడా ఆగస్టులో వెళ్లి పదకొండు రోజులు ఉన్నాం.

ఆగస్టులో అక్కడ గదుల రేట్లు మండిపోతాయి. మొదటి రెండు రాత్రులకు ఓల్డ్ టౌన్‌లో ఒక అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు, మెలికలు తిరిగిన రాతిమెట్లు. బుకింగ్‌లో ఆ ముక్క ఎక్కడా లేదు. మోకాళ్ల నొప్పులున్న మా ఆవిడ రెండుసార్లు మెట్ల మీదే కూర్చుండిపోయింది. మూడోరోజు విద్యార్థుల హాస్టల్‌కి మారాం. సెలవుల్లో ఖాళీ గదుల్ని బయటివాళ్లకు అద్దెకిస్తారు. చిన్న మంచం, రాసుకునే బల్ల, కిటికీలోంచి ఆర్థర్స్ సీట్ కొండ. ఉమ్మడి వంటగదిలో పులిహోర కలుపుకుని తిన్నాం. పిల్లల్ని చూడ్డానికి వెళ్లే తల్లిదండ్రులకు ఇంతకంటే మంచి బస నాకు తోచదు.

1947లో ఈ ఊళ్లో అంతర్జాతీయ ఉత్సవం మొదలైనప్పుడు, పిలుపు లేకుండానే ఎనిమిది నాటక బృందాలు వచ్చి సొంతంగా ఆడాయి. ఫ్రింజ్ అనే నాటకోత్సవం పుట్టింది అలాగే. ఇప్పుడు ఆగస్టు నెలంతా యూనివర్సిటీ హాళ్లూ గదులూ నాటకశాలలైపోతాయి. తలుపు మీద వేదిక నంబరు ఉంటుంది, ఆట చాలావరకు గంటే. ఒకదానికి నాలుగు నిమిషాలు లేటుగా వెళ్తే లోపలికి రానివ్వలేదు, డబ్బులూ తిరిగి రాలేదు. రెండు ఆటల మధ్య కనీసం ముప్పావుగంట ఉంచుకోండి. బస్సులో కార్డు ట్యాప్ చేస్తే చాలు. నోటిచ్చి చిల్లర అడిగితే మాత్రం ఇవ్వరు.

1883 నాటి రాయల్ లైసియం నాటకశాల లోపల బంగారు రంగు నగిషీలు కన్నుల పండుగ. కానీ పై బాల్కనీ బాగా నిటారు. పెద్దవాళ్లుంటే నాలుగు పౌండ్లు ఎక్కువైనా కింద సీట్లే తీసుకోండి. పక్కనే ట్రావర్స్‌లో కొత్త రచయితల నాటకాలు వేస్తారు. స్టేజీలు నేలకింద ఉంటాయి. నటుడి నుదుటి చెమట కనిపించేంత దగ్గరగా కూర్చున్నాం. నా ఓటు దానికే.

ఇరవై ఎనిమిదేళ్లు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి. అందుకని నాకు అసలు యాత్ర ఆ ఊళ్లోని మర్చిస్టన్ అనే చోటు. గుణకారాల్ని కూడికలుగా మార్చే లాగరిథమ్స్ కనిపెట్టిన జాన్ నేపియర్ 1550లో పుట్టిన బురుజు అక్కడ ఉంది. ఇప్పుడు దాని చుట్టూ ఆయన పేరుతోనే యూనివర్సిటీ క్యాంపస్ కట్టారు. కాంక్రీటు గోడల మధ్య ఆ పాత రాళ్లు! బయటినుంచే చూశాం. ఆయన పట్టికలు అచ్చైంది 1614లో. అట్టలు చిరిగిన లాగ్ టేబుల్స్ పుస్తకం పంచుకుని పరీక్ష రాసిన నా పిల్లలందరూ గుర్తొచ్చారు. గోడ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడిపోయాను.

స్కూళ్లలో జార్జ్ హెరియట్స్ చూడాలి. గ్రేఫ్రయర్స్ శ్మశానవాటిక వైపు నుంచి దాని బురుజులు బాగా కనిపిస్తాయి. రాజుగారి కంసాలి హెరియట్ తండ్రి లేని పిల్లల చదువు కోసం ఆస్తి రాసిచ్చిపోతే, 1628లో కట్టడం మొదలైంది. ఈరోజు ఫీజులు గట్టిగానే ఉన్నా, తల్లినో తండ్రినో పోగొట్టుకున్న కొందరు పిల్లలకు ఇప్పటికీ ఉచితంగా చదువు చెప్తున్నారు. ఒక వీలునామాను నాలుగు వందల ఏళ్లుగా నిలబెట్టుకోవడం ఎంత గొప్ప సంగతి!

ఇంకో సంగతి. సరోజినీ నాయుడి తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టా తీసుకుంది ఎడిన్‌బరాలోనే. హైదరాబాద్‌లో ఆయన మొదలుపెట్టిన కాలేజీయే తర్వాత నిజాం కాలేజీ అయింది. నేను డిగ్రీ చేసింది అక్కడే.

చివరి రోజు 1897 నాటి యూనివర్సిటీ మెకెవన్ హాల్లో సర్కస్ చూశాం. పైన గుమ్మటం నిండా బొమ్మలు. కాన్వొకేషన్లు జరిగేది కూడా అక్కడే. పట్టా తీసుకునే ప్రతి ఒక్కరి తలమీదా ఒక పాత టోపీతో తట్టి పంపిస్తారట. మా అమ్మాయి వంతు శీతాకాలంలో వస్తుంది. వీసా ఖర్చుతో మళ్లీ వెళ్లలేం, లైవ్‌లో చూస్తాం. తను ఏ మూల నుంచి స్టేజీ ఎక్కుతుందో మా ఆవిడ అప్పుడే అడిగి, ఆ మెట్ల ఫోటో తీసిపెట్టుకుంది.