మా అమ్మాయి మొదటి కారు: ఐదేళ్ళ పాత టియాగోతో పది నెలలు

ముందు వివరాలు చెప్పేస్తాను. 2020 ఫిబ్రవరిలో తయారైన టాటా టియాగో ఎక్స్‌జెడ్, పెట్రోలు, చేత్తో వేసే గేర్లు. కొనే నాటికి 31,000 కిలోమీటర్లు తిరిగింది, ఒకే ఓనరు. 4,35,000 రూపాయలకు తీసుకున్నాం. ఆ పైన టైర్లకు, బ్యాటరీకి, అడుగు భాగానికి తుప్పు పట్టకుండా వేయించిన కోటింగ్‌కు కలిపి మరో 25,000 దాకా అయింది. నడిపేది పద్దెనిమిది నిండిన మా అమ్మాయి. పాలకొల్లు నుంచి వీరవాసరం మీదుగా భీమవరం కాలేజీకి, తిరిగి ఇంటికి. వారానికి ఒకసారి మా అత్తగారిని ఆస్పత్రికి తీసుకువెళ్ళే పని కూడా దానిదే. మా వారు కువైట్‌లో ఉంటారు. నాకు డ్రైవింగ్ రాదు, బళ్ళో పాఠాలు చెప్తాను.

అమ్మాయికి పదిహేడేళ్ళప్పుడే ఇంట్లో కారు గొడవ మొదలైంది. వీధిలో ఇంటర్ పిల్లలు నడుపుతుంటే నన్నెందుకు వద్దంటావని రోజూ అడిగేది. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చాక, మైనరు నడుపుతూ నేరం చేస్తే తల్లిదండ్రులకు 25,000 జరిమానా, మూడేళ్ళ వరకూ జైలు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది, ఆ పిల్లకు ఇరవై ఐదేళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. ఈ చివరి మాట చెప్పాకే మా అమ్మాయి ఆగింది. పద్దెనిమిది నిండిన వారంలో ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేవాళ్ళకిచ్చే తాత్కాలిక లైసెన్సు) తీసుకుంది. ఎల్ఎల్ఆర్‌తో నడిపినన్నాళ్ళూ పక్క సీట్లో లైసెన్సు ఉన్నవాళ్ళే కూర్చోవాలి కాబట్టి మా మరిది తన బండిలో పక్కన కూర్చుని నేర్పాడు. ముప్పై రోజులు దాటాక పరీక్షకు వెళ్ళి లైసెన్సు తెచ్చుకుంది. అది చేతికి వచ్చాకే కారు వెతకడం మొదలుపెట్టాం.

ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. అమ్మాయికి ఎర్ర స్విఫ్ట్ కావాలి. మా వారు వీడియో కాల్‌లో పెద్ద ఎస్‌యూవీ తీసుకోమన్నారు, ఎత్తుగా ఉంటే భద్రంగా ఉంటుందని. మా మరిది మైలేజీ వచ్చే పాత డీజిల్ బండి చూడమన్నాడు. నేను ఒకే పట్టు పట్టాను: రెండు ఎయిర్‌బ్యాగ్‌లు, ఏబీఎస్ లేనిది మన గుమ్మంలోకి రాకూడదని.

అది ఊరికే పట్టిన పట్టు కాదు. ఆ ముందు ఏడాది వర్షాకాలంలో మా అమ్మాయి స్కూటీ మీద ట్యూషన్ నుంచి వస్తూ, చేపల లారీ నుంచి కారిన నీళ్ళ మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు కట్టుతో ఉంది. మన రోడ్ల మీద సడన్ బ్రేకు ఎంత మామూలు విషయమో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క చెరువు గట్టు, మధ్యలో రొయ్యల మేత బండ్లు. కోతల కాలంలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, దాని చుట్టూ రాళ్ళు పేరుస్తారు. చీకటి పడితే ఆ రాళ్ళు దగ్గరికి వెళ్ళేదాకా కనిపించవు. బ్రేకు గట్టిగా నొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా, స్టీరింగ్ చేతిలో ఉండేలా చూసేది ఏబీఎస్. కొత్తగా నేర్చుకున్న పిల్లకు అది ఉండి తీరాలి.

ఇక్కడే ఒక తేదీ గుర్తుపెట్టుకోండి. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. అదే ఏడాది జూలై 1 నుంచి డ్రైవరు ఎయిర్‌బ్యాగ్, బెల్టు పెట్టుకోకపోతే మోగే బీప్, వేగం 80 దాటితే మోగే బీప్, వెనుక పార్కింగ్ సెన్సర్లు వచ్చాయి. పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది మాత్రం 2022 జనవరిలో. అందుకే ఆ మధ్య కాలంలో తయారైన కారు చూసేటప్పుడు రెండో ఎయిర్‌బ్యాగ్ ఉందో లేదో విడిగా అడగాలి. రిజిస్ట్రేషన్ తేదీని నమ్ముకోకండి, తయారైన నెల ఆర్‌సీలోనే ఉంటుంది. టియాగోలో 2020 మోడల్ నుంచి అన్ని రకాలకూ రెండు ఎయిర్‌బ్యాగ్‌లు వచ్చాయి. కార్లను ఢీకొట్టించి భద్రత పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థవాళ్ళు 2020 జనవరిలో ఇచ్చిన ఫలితంలో పెద్దల భద్రతకు ఐదుకు నాలుగు నక్షత్రాలు, పిల్లల భద్రతకు మూడు. 2018లో స్విఫ్ట్‌కు వచ్చినవి రెండు. ఇది చూపించాక అమ్మాయి ఎర్ర రంగు మాట ఎత్తలేదు.

ఇక వెతుకులాట. హైవే పక్కన పాత కార్లు అమ్మే ఒక యార్డులో తెల్ల కారు చూశాం. లోపల కొత్త సీటు కవర్లు, మంచి సెంటు వాసన, తళతళలాడే డ్యాష్‌బోర్డు. మీటరు 28,000 చూపిస్తోంది. ధర కూడా మా బడ్జెట్‌లోనే ఉంది. ఆ రోజే పదివేలు అడ్వాన్సు ఇచ్చేద్దామనుకున్నాను. మా ఊళ్ళో ముప్పై ఏళ్ళుగా షెడ్డు నడుపుతున్న మెకానిక్ గారిని వెంట తీసుకెళ్ళాను కాబట్టి బతికిపోయాం. ఆయన ఇంజను జోలికే వెళ్ళలేదు. డ్రైవరు సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా బయటికి లాగారు. చుట్టలోపల ఉండే భాగంలో, ఒక జానెడు మేర, గోధుమ రంగు గీత ఉంది. తర్వాత డిక్కీలో స్టెపినీ తీసి, దాని గుంటలో వేలు పెట్టి తుడిచారు. ఒండ్రు. సీటు కింద పట్టాలకు తుప్పు. "టీచరు గారూ, ఈ బండి నీళ్ళు తాగిందండి. తీసుకోవద్దు" అన్నారు. 2022 జూలై గోదావరి వరదకు లంకల్లో ఎన్ని బండ్లు మునిగాయో మనం చూశాం. ఆ కారు ఎక్కడ మునిగిందో నాకు తెలియదు, యార్డువాళ్ళు మాత్రం మాకు చెప్పలేదు. మునిగిన బండిలో వైర్ల జాయింట్లు లోపల్లోపల తుప్పు పడతాయి, ఎయిర్‌బ్యాగ్ వైర్లతో సహా. ఏ ఎయిర్‌బ్యాగ్ కోసమైతే నేను పట్టుబట్టానో, అవసరమైన రోజున అదే తెరుచుకోకపోవచ్చు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మెకానిక్ గారికి ఒక్కో కారుకు 1,500 ఇచ్చాను. నాలుగు కార్లు చూశారు. ఆ ఆరు వేలు ఈ మొత్తం వ్యవహారంలో నేను పెట్టిన మంచి ఖర్చు.

మన వైపు కార్లకు ఇంకో జబ్బు ఉప్పు. రొయ్యల చెరువుల నీళ్ళు, లారీల్లోంచి కారే ఐసు నీళ్ళు, నరసాపురం, మొగల్తూరు వైపైతే సముద్రపు గాలి కూడా. పైన రంగు బాగానే ఉంటుంది, అడుగు తింటుంది. అందుకే ప్రతి బండినీ పైకెత్తించి చూశాం. సైలెన్సరు గొట్టం, బ్రేకు గొట్టాలు, తలుపుల కింద అంచులు, సస్పెన్షన్ బిగించిన చోట్లు. మూడో కారుకు తలుపు కింద స్క్రూడ్రైవరుతో తడితే పెచ్చు రాలింది. కిలోమీటర్ల మీటరు కన్నా ఈ అడుగు భాగమే బండి చరిత్ర ఎక్కువ చెప్తుంది.

నాలుగోది మేం కొన్న టియాగో. అమ్మిన పెద్దాయన బ్యాంకులో రిటైరయ్యారు, సర్వీసు బిల్లులన్నీ ఒక ఫైలులో పెట్టి ఇచ్చారు. అడుగు శుభ్రంగా ఉంది. టైర్ల మీద చివరి నాలుగు అంకెలు 0520, అంటే 2020 ఐదో వారంలో తయారైనవి. గాట్లు బాగానే ఉన్నా రబ్బరు గట్టిపడింది, మార్చేశాం.

నడిపే అనుభవం గురించి అమ్మాయి చెప్పింది, నేను పక్కన కూర్చుని చూసింది కలిపి రాస్తున్నాను. మా అమ్మాయి ఐదడుగుల ఒక అంగుళం. డ్రైవరు సీటు ఎత్తు పెంచుకునే వీలుంది కాబట్టి బానెట్ అంచు దానికి కనిపిస్తుంది. కొత్తవాళ్ళకు ఇది చాలా పెద్ద విషయం. అడుగు ఎత్తు 170 మిల్లీమీటర్లు, గట్టు రోడ్డు నుంచి మా సందులోకి దిగే చోట ఎక్కడా తగల్లేదు. మూడు సిలిండర్ల ఇంజను కాబట్టి ఆగి ఉన్నప్పుడు చిన్న వణుకు ఉంటుంది, కదిలాక తెలియదు. మా రోడ్ల మీద ఏసీ వేసుకుని లీటరుకు 16, 17 ఇస్తోంది. 80 దాటితే మోగే బీప్ నాకు ఎంతో ధైర్యం. వెనుక సెన్సరు మొదటి నెలలో మా గేటును రెండుసార్లు కాపాడింది. వెనుక సీట్లో అత్తగారు సుఖంగా కూర్చుంటారు, ముగ్గురు పెద్దవాళ్ళైతే భుజాలు రాసుకుంటాయి.

కాగితాల దగ్గర ఒక మాట. రవాణా శాఖ యాప్ ఎంపరివాహన్‌లో నంబరు కొట్టి లోను బాకీ ఉందేమో చూశాకే డబ్బు కట్టాం. బండి పేరు మార్పుకు కావలసిన ఫారం 29, 30 మీద సంతకాలు మా ముందే పెట్టించుకున్నాం. ఇన్సూరెన్సు పద్నాలుగు రోజుల్లో మన పేరుకు మార్పించుకోవాలి, పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మనకు రాదు. బండి నా పేరున పెట్టాలనుకున్నాను గానీ, ఓనరు-డ్రైవరుకు ఇచ్చే 15 లక్షల ప్రమాద బీమా ఓనరుకు లైసెన్సు ఉంటేనే వర్తిస్తుంది. అందుకని అమ్మాయి పేరునే రిజిస్టరు చేయించాం.

మా వారు సెలవుకు వచ్చినప్పుడు రాజమండ్రి విమానాశ్రయానికి అమ్మాయే వెళ్ళింది, నేను పక్కన. ఆయన రెండు పెద్ద పెట్టెల్లో ఒకటే డిక్కీలో పట్టింది, రెండోదాన్ని వెనుక సీట్లో పెట్టి దాని పక్కన నేను కూర్చున్నాను. ఆయన ముందు కూర్చుని, బెల్టు పెట్టుకుని, జొన్నాడ వంతెన దాకా కాళ్ళు బిగపట్టుకునే ఉన్నారు. "లారీ వస్తోంది, చూసుకో అమ్మా" అంటూనే ఉన్నారు. అది "చూశాను నాన్నా" అంటూ నడుపుతోంది. రావులపాలెం దాటాక మాటలు తగ్గాయి. సిద్ధాంతం వంతెన ఎక్కేసరికి ఆయన నిద్రపోయారు.